కుక్క హుషారైంది, గాయం ఇంకా మానలేదు

ఆపరేషన్ బాగానే జరిగింది, ఇంటికి తీసుకెళ్లమన్నారు డాక్టరు. నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల బయట ఆటో నిలబడి ఉంది. మత్తు పూర్తిగా వదలని మీ కుక్క దుప్పట్లో ఉంది, మందుల చీటీ మీ చేతిలో ఉంది. లోపల డాక్టర్లున్నారన్న ధైర్యంతో ఇంతసేపూ నెట్టుకొచ్చారు. మరి ఇంటికెళ్లాక? రాత్రి రెండింటికి అది మూలిగితే నొప్పి అనుకోవాలా, మత్తు అనుకోవాలా? నీళ్లు పెట్టొచ్చా? మెట్లెక్కనివ్వొచ్చా?

ఈ అధ్యాయం ఆ ప్రశ్నల కోసమే. గర్భసంచిలో చీము పట్టి అత్యవసరంగా తీసేసినా, బండి గుద్ది విరిగిన కాలికి ప్లేటు వేసినా, మింగిన మామిడి టెంక కోసం పేగు కోసినా ఇంట్లో చేయాల్సిన సేవ చాలావరకు ఒకటే.

ఒక్క సంగతి మాత్రం మొదట్లోనే మనసులో పెట్టుకోండి. నొప్పి తగ్గడం వేరు, గాయం మానడం వేరు. నాలుగైదు రోజులకల్లా చాలా కుక్కలకు నొప్పి తగ్గిపోతుంది, హుషారు వచ్చేస్తుంది. లోపలి కుట్టు మాత్రం అప్పటికింకా పచ్చిగానే ఉంటుంది. మొదటి రాత్రి అందరం జాగ్రత్తగానే ఉంటాం. అది తోకాడిస్తూ గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చిన రోజునే మనం ఏమరుపాటుగా ఉంటాం.

1. ఆసుపత్రి గేటు దాటకముందే అడిగేయండి

కంగారులో సగం మాటలు చెవికెక్కవు. అందుకే ఇద్దరు వెళ్లండి, ఒకరు కుక్కను చూసుకుంటే ఇంకొకరు రాసుకోవచ్చు. ఏం అడగాలి? ఏం కోశారు, ఏం తీశారు? కుట్లు వాటంతటవే కరిగిపోయేవా, విప్పాల్సినవా? నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారా, ఇస్తే ఇంటి దగ్గర మొదటి మాత్ర ఎన్ని గంటలకు వేయాలి? ఆహారం ఎప్పుడు, ఎంత? అర్ధరాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి, ఎక్కడికి పరిగెత్తాలి? ఈ చివరి ప్రశ్న అడగడం చాలామంది మర్చిపోతారు. అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని వెతుక్కునే పని పెట్టుకోకండి.

ఆటోలోకి ఎక్కించేటప్పుడు ముందుకాళ్ల కింద చేతులు పెట్టి పైకి లాగొద్దు. ఒక చెయ్యి రొమ్ము ముందు, రెండో చెయ్యి వెనక తొడల కింద వేసి, వీపు వంగకుండా ఎత్తాలి. పెద్ద కుక్కైతే మందపాటి దుప్పటి మీద పడుకోబెట్టి, నాలుగు మూలలూ ఇద్దరు పట్టుకోండి. ఆటో అతనికి స్పీడు బ్రేకర్ల దగ్గర మెల్లగా పోనివ్వమని బయల్దేరే ముందే చెప్పండి.

2. చోటు సిద్ధం చేశాకే కుక్కను తీసుకురండి

అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీల్లో మన ఇళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. లిఫ్టు లేని మూడో అంతస్తు, నున్నటి టైల్స్, రెండు గదుల్లో అయిదుగురు మనుషులు. ఇందులో ఆపరేషన్ అయిన కుక్కకు అసలు శత్రువు ఆ టైల్సే. మత్తులో, లేదా మూడు కాళ్ల మీద లేవబోయిన కుక్క ఒక్కసారి జారి వెనక కాళ్లు రెండు పక్కలకూ విడిపోయాయంటే ప్లేటు వేసిన కాలైనా, కడుపు మీది కుట్టైనా దెబ్బతింటుంది.

కాబట్టి పడుకునే చోటి నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కణ్నుంచి తలుపు దాకా పాత జంపఖానాలో, రబ్బరు పట్టాలో, యోగా మ్యాట్లో పరిచి దారి వేయండి. మూలలు లేవకుండా టేపు అంటించండి. కాలివేళ్ల మధ్య వెంట్రుకలు పెరిగి ఉంటే అవి కూడా జారుడుకు కారణమే, కత్తిరించమని ఆసుపత్రిలోనే అడగొచ్చు. పడక నేల మీదే ఉండాలి. సోఫా, మంచం డాక్టరు సరేననేదాకా మూసేసిన దుకాణాలే. ఎక్కకుండా వాటి మీద కుర్చీలు బోర్లించి పెట్టినా తప్పులేదు. బాల్కనీలో పెట్టొద్దు. ఎండాకాలమైతే వేడి, వానాకాలమైతే ఈగలు. పచ్చి పుండు మీద ఈగ వాలి గుడ్లు పెట్టిందంటే ఒకట్రెండు రోజుల్లోనే పురుగు పట్టే ప్రమాదం ఉంది.

మన ప్రాంతానికి ఇంకో సమస్య, చప్పుడు. దీపావళికి టపాసులు, ఆ వెంటనే నారాయణగూడ వైఎంసీఏ చౌరస్తాలో సదర్, అంతకుముందు గణేశ్ నిమజ్జనం డీజేలు. బెదిరిన కుక్క గోడలెక్కడానికి చూస్తుంది, కుట్ల సంగతి దానికేం తెలుస్తుంది? పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ లాంటిది, తేదీ మన చేతిలో ఉన్నదైతే ఆ వారాలు వదిలేసి పెట్టించుకోండి. అత్యవసరమై అప్పుడే చేయాల్సొస్తే ఇంట్లో అన్నిటికన్నా లోపలి గది దానికివ్వండి, ఫ్యాన్ వేసి టీవీ సన్నగా పెట్టండి. బెదురు తగ్గించే మందు ఇవ్వొచ్చేమో డాక్టరును ముందే అడగండి.

3. మొదటి రాత్రి దాని పక్కనే పడుకోండి

మత్తు దిగే కుక్క మూలుగుతుంది, వణుకుతుంది, శూన్యంలోకి చూస్తుంది, మిమ్మల్ని గుర్తుపట్టనట్టు కూడా ఉంటుంది. గొంతులో గొట్టం వేసి ఉంటారు కాబట్టి రెండు మూడు రోజులు చిన్న దగ్గు రావచ్చు. వీటికి బెంబేలెత్తొద్దు. ఒళ్లు చల్లగా ఉంటే పల్చటి దుప్పటి కప్పండి. వేడినీళ్ల బ్యాగు నేరుగా ఆనించొద్దు. మత్తులో ఉన్నది పక్కకు జరగలేదు, కాలినా మీకు తెలియదు.

బాగా తెలివొచ్చి తల నిలబెట్టాక రెండు మూడు గుక్కల నీళ్లు. అవి నిలిస్తే కాసేపటికి ఇంకొన్ని. డాక్టరు వద్దనకపోతే రాత్రికి మామూలు తిండిలో పావు వంతు చాలు. ఒకసారి కక్కుకుంటే మత్తు ప్రభావం కావచ్చు, మళ్లీ మళ్లీ కక్కుకుంటే ఫోన్ చేయాల్సిందే.

గంటకోసారి చిగుళ్లు చూడండి. పెదవి పైకెత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. అక్కడ తెల్లబడిన మచ్చ రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగులోకి రావాలి. కొన్ని కుక్కల చిగుళ్లు నల్లగా ఉంటాయి, అప్పుడు కింది కనురెప్ప కొద్దిగా కిందికి లాగి లోపలి రంగు చూడండి. పాలిపోయి తెల్లగా ఉందా? కుట్టు నుంచి రక్తం చుక్కలు చుక్కలుగా ఆగకుండా కారుతోందా? పిలిచినా, తట్టినా కళ్లు తెరవడం లేదా? పొట్ట ఉబ్బుతోందా? తెల్లారేదాకా ఆగకండి.

4. మందుల పని ఒక్కరికే అప్పజెప్పండి

మంచి మనుషులున్న ఇళ్లలోనే ఈ పొరపాటు జరుగుతుంది. రాంనగర్‌లో ఒక ఇల్లు అనుకోండి. తండ్రి పొద్దున్నే వాకింగ్‌కు పోతూ టైగర్‌కు నొప్పి మాత్ర వేసి వెళ్లాడు. తొమ్మిదింటికి కాలేజీకి బయల్దేరుతూ కూతురు చీటీ చూసింది.

"అమ్మా, టైగర్‌కు గోలీ ఏసిన్రా?"

"నాకు తెల్వదు బిడ్డా. నాన్న ఏం చెప్పలే."

వేసుండడేమో అనుకుని ఆ పిల్ల ఇంకోటి వేసింది. ప్రేమతోనే వేసింది. కానీ ఈ నొప్పి మాత్రలు మోతాదు మించితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకే ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. తేదీ, మందు పేరు, టైము, వేసినవాళ్ల సంతకం. వేయగానే రాయాలి, తర్వాత రాద్దామంటే కుదరదు.

మాత్ర మింగించడం ఎలా? అన్నం గిన్నెలో కలిపారో, చుట్టూ తినేసి మాత్రను మాత్రం శుభ్రంగా నాకి అడుగున వదిలేస్తుంది. ఉడికించిన చికెన్ లివర్‌తోనో, పనీర్‌తోనో మూడు చిన్న ఉండలు చేయండి. మొదటిది ఉత్తది, నమ్మకం కోసం. రెండోదాంట్లో మాత్ర. అది నోట్లో ఉండగానే మూడోది ముక్కు ముందు చూపించండి. మూడోదాని ఆశలో రెండోది నమలకుండా మింగేస్తుంది. అయినా అయిదు నిమిషాలయ్యాక సోఫా వెనక, జంపఖానా మడతల్లో ఓసారి చూడండి. బుగ్గన దాచుకుని ఉమ్మేసే కుక్కలున్నాయి.

ఇక, మీ ఇంటి మందుల డబ్బా దాని దగ్గరికి తేవద్దు. క్రోసిన్, బ్రూఫెన్, కాంబిఫ్లామ్, వోవెరాన్ ఏదీ వద్దు. పిల్లలకిచ్చేదే కదా, సగం వేస్తే ఏమవుతుందనే మాట వినిపిస్తే అక్కడికక్కడే ఆపండి. బ్రూఫెన్‌లో ఉండే ఐబుప్రొఫెన్ కుక్క కడుపును, మూత్రపిండాలను పాడు చేస్తుంది. వోవెరాన్‌లో ఉండేది డైక్లోఫెనాక్. అది వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి, 2006లో మన దేశం దాన్ని పశువైద్యంలో వాడకుండా నిషేధించింది. మనకు నడుంనొప్పి తగ్గించే మాత్ర ఇంకో ప్రాణికి ఎంత చేటు చేస్తుందో చూడండి.

మరి దానికి నొప్పిగా ఉందని ఎలా తెలుస్తుంది? కుక్కలు నొప్పి దాచుకుంటాయి. అరవలేదంటే నొప్పి లేదని కాదు. పడుకోబోయి మళ్లీ లేవడం, చల్లటి గదిలోనూ వగర్చడం, గోడవైపు తిరిగి కూర్చోవడం, ముందుకాళ్లు నేలకు ఆనించి నడుము పైకెత్తి అలాగే ఉండిపోవడం, చెవులు వెనక్కి వాల్చడం. ఇవి చూస్తే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. మోతాదు మార్చాల్సింది వాళ్లే.

5. కోన్ తీయొద్దు. రాత్రిపూట అసలే తీయొద్దు

మెడ చుట్టూ వేసే ఆ ప్లాస్టిక్ గరాటు చూస్తే ఎవరికైనా జాలే. తలుపుకు తగులుకుంటుంది, గోడకు కొట్టుకుంటుంది, మీవైపు దీనంగా చూస్తుంది. "పాపం, రాత్రన్నా హాయిగా పడుకోనీ" అని నానమ్మ అంటుంది. తీస్తారు. మీరు నిద్రపోయాక అది నాకడం మొదలుపెడుతుంది. నాకితే పుండు మానుతుందన్న నమ్మకం మనలో ఇంకా ఉంది, అది నిజం కాదు. కుక్క నోట్లో సూక్ష్మక్రిములు బోలెడు, పైగా ముందుపళ్లతో కుట్టు దారం పీకడానికి దానికి నిమిషాలు చాలు. పొద్దున లేచేసరికి గాయం నోరు తెరుచుకుని ఉంటే మళ్లీ మత్తు, మళ్లీ కుట్లు, మళ్లీ ఖర్చు. దాని మీద జాలి ఉన్నవాళ్లు చేయాల్సింది కోన్ ఉంచడమే.

కోన్ అంచు ముక్కు కొస కన్నా ఒకటి రెండు అంగుళాలు ముందుకు ఉండాలి. మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. నీళ్ల గిన్నెను ఒక పీట మీద ఎత్తుగా పెడితే కోన్‌తోనే తాగగలదు. తినేటప్పుడు తీయాల్సి వస్తే మీరు ఎదురుగా కూర్చుని, మూతి తుడిచి, వెంటనే తొడిగేయండి. కడుపు మీది గాయానికి పాత టీషర్టు తొడిగి వీపు మీద ముడి వేయడం కొన్ని కుక్కలకు పనికొస్తుంది. బట్ట కొరికే అలవాటున్న దానికి మాత్రం పనికిరాదు. కుట్లు విప్పేది మామూలుగా 10 నుంచి 14 రోజులకు, అప్పటిదాకా కోన్ ఉండాల్సిందే.

6. గాయాన్ని రోజుకు రెండుసార్లు చూడండి, దాని మీద ఏమీ వేయకండి

పొద్దున, సాయంత్రం ఒకే వెలుతురులో ఒక ఫొటో తీయండి. నిన్నటితో పోల్చి చూస్తే ఎర్రదనం తగ్గుతోందో, పెరుగుతోందో ఇట్టే తెలుస్తుంది. డాక్టరుకు పంపడానికీ అదే ఉపయోగం. మొదటి రెండు మూడు రోజులు కొద్దిపాటి ఎరుపు, వాపు సహజం. చీము, దుర్వాసన, అంచులు విడిపోవడం, వేడిగా ఉబ్బడం సహజం కాదు. కుట్టు కింద మెత్తగా నీరు చేరినట్టు బుడిపె వస్తే కుక్క ఎక్కువ తిరిగి ఉండొచ్చు. పిండొద్దు, చూపించండి.

పసుపు, వేపనూనె, కొబ్బరినూనె, టాల్కం పౌడరు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఏ పసరూ వద్దు. వాళ్లు చెప్పేది ప్రేమతోనే, కాదనక్కర్లేదు. "డాక్టరు తడి తగలనివ్వొద్దన్నారు నానమ్మా" అంటే సరిపోతుంది. కుట్లు విప్పేదాకా స్నానం కూడా లేదు.

7. తిండి

చికెన్ ఉడికించి ఎముక తీసేసి, మెత్తటి అన్నంలో కలిపి పెట్టండి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. పెరుగన్నం అలవాటున్న కుక్కకు అదీ మంచిదే. ఒకేసారి గిన్నెడు కాకుండా నాలుగు పూటలుగా.

పేగు కోసిన కుక్కకు మాత్రం ఇంకా జాగ్రత్త. మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా లోపలి కుట్టు లీకయ్యే ప్రమాదం ఎక్కువ. నిన్నటిదాకా తిన్నది ఇవాళ ముద్ద ముట్టకపోయినా, కక్కుకున్నా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా, జ్వరం 103 ఫారెన్‌హీట్ దాటినా ఆ పూటే ఆసుపత్రికి. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 దాకా ఉంటుంది, మన లెక్కతో చూసి భయపడొద్దు.

ఇంట్లో ఆదివారం మటన్ వండినా, మృగశిర కార్తెకు ముషీరాబాద్ మార్కెట్ నుంచి చేపలు తెచ్చినా చెత్తబుట్ట మూత గట్టిగా పెట్టండి, వచ్చిన చుట్టాలకు ఎముక వేయొద్దని ముందే చెప్పండి.

మూత్రం 24 గంటల్లోపు పోయాలి, పోయకపోతే ఫోన్ చేయండి. విరేచనం రెండు మూడు రోజులు రాకపోయినా కంగారు లేదు. ముందు ఉపవాసం, తర్వాత నొప్పి మందులు, కడుపులో ఏముందని వస్తుంది?

8. హుషారు వచ్చిన వారం

అయిదో రోజో ఆరో రోజో కాలింగ్ బెల్ మోగగానే టైగర్ తలుపు దగ్గరికి దూకుతుంది. ఇంట్లో అందరి కళ్లలో నీళ్లు, "మనోడు మళ్లీ మనోడయ్యిండు!" సంతోషించండి, కానీ గొలుసు విప్పకండి. కడుపు కోసిన కుక్కకు పైన చర్మం అతుక్కున్నా లోపలి కండరం బలపడటానికి వారాలు పడుతుంది. ఎముకకు ప్లేటు వేస్తే 8 నుంచి 12 వారాల దాకా పరుగు లేదు, గెంతు లేదు, మెట్లు లేవు. ఎముక అతికేలోపు బరువంతా మోస్తున్నది ప్లేటూ స్క్రూలే. ఎక్కువ గెంతితే అవి వంగుతాయి, ఊడతాయి.

బయటికి ఎప్పుడు? మూత్రానికి, విరేచనానికి మాత్రమే, రోజుకు మూడు నాలుగుసార్లు, అయిదేసి నిమిషాలు, పొట్టి గొలుసుతో. వీధికుక్కలు గుమిగూడే వేళ మీ గల్లీలో ఏదో మీకు తెలిసే ఉంటుంది, దానికి ముందో వెనకో వెళ్లండి. ఇందిరాపార్కు వాకింగ్ ఇప్పుడు కాదు. వెనక కాలికి ఆపరేషన్ అయితే పెద్ద తువ్వాలు పొట్ట కింద నుంచి వేసి రెండు కొసలూ పైకి పట్టుకోండి, బరువు మీ చేతుల్లో ఉండాలి, నడక దానిది. కడుపు మీద కుట్లుంటే మాత్రం ఈ తువ్వాలు పద్ధతి వద్దు. మెట్లు ఎత్తుకునే దిగాలి. మోయలేని పెద్ద కుక్కైతే వాచ్‌మన్‌నో, పక్క ఫ్లాట్ తమ్ముణ్నో ముందే మాట్లాడి పెట్టుకోండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

మరి ఆ ఓపికంతా ఎక్కడ ఖర్చు పెట్టాలి? పాత తువ్వాలు మడతల్లో చికెన్ తునకలు దాచి వాసన పట్టి వెతుక్కోమనండి. కూర్చున్న చోటే "షేక్‌హ్యాండ్" లాంటివి నేర్పండి. ముక్కుతో, బుర్రతో చేసే పని దాన్ని బాగా అలసిపోయేలా చేస్తుంది.

9. కరిస్తే నామోషీ పడొద్దు

ఏళ్లుగా పెంచిన కుక్కైనా నొప్పి మీద చెయ్యి పడితే కరవొచ్చు. కోపం వద్దు, దాచడం అంతకన్నా వద్దు. పన్ను గాటు పడిన చోట సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. తర్వాత డాక్టరు దగ్గరికి. నారాయణగూడలోనే ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, అందరూ ఐపీఎం అనే చోట, కుక్కకాటు టీకా వేస్తారు. మీ కుక్కకు రేబిస్ టీకా వేయించిన కార్డు వెంట తీసుకెళ్లండి, మీకు ఏం అవసరమో డాక్టరు తేలుస్తారు.

10. "కుక్కకింత ఖర్చా?" అనేవాళ్లకు

జవాబు చెప్పాల్సిన పని లేదు. అది మీ ఇంటి ప్రాణి. నిద్ర లేక, సెలవులు దొరక్క, మాటలు పడి మీరు కూడా అలసిపోతారు. రాత్రి కాపలా ఇంట్లో వంతులు వేసుకోండి. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతూ వీధికుక్కను చేరదీసిన పిల్లలు కొందరు ఒకే రూములో ఉంటారు. వాళ్లైతే లైబ్రరీకి అందరూ ఒకేసారి పోకుండా, ఒకరు కుక్క దగ్గర కూర్చుని చదువుకోవచ్చు. డబ్బు ఇబ్బంది ఉంటే డాక్టరుకు మొహమాటం లేకుండా చెప్పండి. ఏ పరీక్ష ఇప్పుడే తప్పనిసరి, ఏది ఆగొచ్చు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఏది అవుతుందో వాళ్లు చెప్పగలరు.

ఒక్కటి మాత్రం ఖర్చని మానకండి. కుట్లు విప్పించిన రోజుతో పని అయిపోయిందనుకుని చాలామంది మళ్లీ ఆసుపత్రి ముఖం చూడరు. ఎముక ఆపరేషన్ అయితే 6 నుంచి 8 వారాల మధ్య ఎక్స్‌రే తీస్తేనే ఎముక అతికిందో లేదో తెలుస్తుంది. బయటికి కుంటకుండా నడుస్తున్న కుక్క లోపల ఎముక అతకకుండా ఉండొచ్చు. ఆ తేదీ ఫ్రిజ్ మీది కాగితంలో ఇవాళే రాయండి, ఎక్స్‌రే చూసి డాక్టరు సరేనన్నాకే గొలుసు విప్పండి.